ప్లగిన్, థీమ్ అనువాదం తెరమీదకు రావట్లేదా? పీఓ, ఎంఓ ఫైళ్లలో లోపం పట్టుకునే క్రమం

అనువాదం పూర్తయింది, ఫైల్ అప్‌లోడ్ చేశారు, సైట్ తెరిస్తే ఇంకా ఇంగ్లీషే. అప్పుడు చాలామంది అనువాదాన్నే మళ్లీ తెరిచి మొదటి నుంచి చదువుతారు. తప్పు అక్కడ దొరకడం తక్కువ. ఫైల్ పేరులోనో, పెట్టిన ఫోల్డరులోనో, పక్కన మిగిలిపోయిన పాత కాపీలోనో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అనువాదంతో కాకుండా వర్డ్‌ప్రెస్ అసలు ఏ ఫైల్ చదువుతోందన్న ప్రశ్నతో మొదలవుతుంది. పీఓ అంటే మనం దిద్దే అనువాద ఫైల్, ఎంఓ అంటే దాన్నుంచి సైట్ చదవడానికి తయారయ్యే ఫైల్.

ఒక మాట ముందే. ఫైల్ పేర్లు, ఆదేశాలు, కోడ్ పదాలు ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఫైల్ పేర్లు, ఆదేశాలు చిన్నబడిలో, డబ్ల్యూపీ డీబగ్ లాంటి కాన్ఫిగ్ విలువల పేర్లు మాత్రం పెద్దబడిలో రాయాలి. ఉదాహరణల కోసం మై-ఫారమ్ అనే ఊహా ప్లగిన్‌ను తీసుకున్నాం.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- సైట్ ఫైళ్లు చూడటానికి ఎఫ్‌టీపీ లేదా హోస్టింగ్ ఫైల్ మేనేజర్.
- పోఎడిట్ లాంటి పీఓ ఎడిటర్. నోట్‌ప్యాడ్‌తో పీఓ ఫైల్ దిద్దడం మానుకోండి.
- క్వెరీ మానిటర్ ప్లగిన్. దీనిలోని లాంగ్వేజెస్ ప్యానెల్ ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం ఆదా చేస్తుంది.
- వీలైతే సర్వర్‌లో డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్‌ను ఆదేశాలతో నడిపే పరికరం), మీ కంప్యూటర్‌లో గెట్‌టెక్స్ట్ పరికరాలు (పీఓను ఎంఓగా కంపైల్ చేసేవి).
- ఇప్పుడున్న పీఓ, ఎంఓ ఫైళ్ల కాపీ, సైట్ బయట ఎక్కడైనా.

డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో డబ్ల్యూపీ డీబగ్, డబ్ల్యూపీ డీబగ్ లాగ్ రెండూ ట్రూ చేయండి. హెచ్చరికలు డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరులోని డీబగ్.లాగ్‌లో చేరతాయి. నడుస్తున్న సైట్ అయితే డబ్ల్యూపీ డీబగ్ డిస్‌ప్లే ఫాల్స్‌గా పెట్టండి, లేదంటే ఆ హెచ్చరికలు సందర్శకులకూ కనిపిస్తాయి.

## 2. ఒక్క వాక్యాన్ని పట్టుకోండి

అన్నీ ఒకేసారి చూడకండి. తెరమీద ఇంగ్లీషులో మిగిలిపోయిన ఒక వాక్యాన్ని ఎంచుకుని, పీఓ ఫైల్‌లో వెతకండి. ఏం కనిపించిందన్నదాన్ని బట్టి దారి తేలుతుంది.

- ఒక్క వాక్యం కూడా తెలుగులో రావట్లేదు: భాష సెట్టింగ్, ఫైల్ పేరు, చోటు. 3, 4, 5 విభాగాలు.
- కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు: ఫజీ గుర్తు, మారిన మూలవాక్యం, జావాస్క్రిప్ట్. 6, 9 విభాగాలు.
- పాత అనువాదమే కనిపిస్తోంది: పాత కాపీ లేదా క్యాష్. 6, 11 విభాగాలు.
- పేజీ తెల్లగా అయింది, లేదా ఫేటల్ ఎర్రర్ వచ్చింది: శాతం గుర్తు. 7వ విభాగం.
- అక్షరాలు చెడిపోయాయి: 8వ విభాగం.
- వాక్యం పీఓ ఫైల్‌లోనే లేదు: 12వ విభాగం.

## 3. భాష సెట్టింగ్: రెండు చోట్ల చూడాలి

సెట్టింగ్స్‌లోని జనరల్ పేజీలో ఉండే సైట్ భాష ఒకటి. యూజర్ ప్రొఫైల్‌లో ఉండే భాష మరొకటి. ఈ రెండోది వర్డ్‌ప్రెస్ 4.7 నుంచి ఉంది. సైట్ తెలుగులో ఉండి డ్యాష్‌బోర్డు మాత్రం ఇంగ్లీషులో ఉంటే, ఆ యూజర్ ప్రొఫైల్‌లో ఇంగ్లీషు ఎంచుకుని ఉందన్నమాట. ప్లగిన్ తప్పు కాదు.

పాత ట్యుటోరియల్స్‌లో డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో డబ్ల్యూపీలాంగ్ అనే విలువ పెట్టమని ఉంటుంది. వర్డ్‌ప్రెస్ 4.0 నుంచి దాని అవసరం లేదు. ఉంటే తీసేసి, సెట్టింగ్ ద్వారానే భాష మార్చండి.

## 4. ఫైల్ పేరు, ఫోల్డర్

ఎక్కువ మంది ఇక్కడే తప్పుతారు. కాబట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

తెలుగుకు వర్డ్‌ప్రెస్ వాడే కోడ్ టీఈ మాత్రమే. దాని వెనక దేశం కోడ్ ఉండదు. హిందీకి హెచ్‌ఐ_ఐఎన్, తమిళానికి టీఏ_ఐఎన్ ఉన్నాయి కదా అని తెలుగుకూ టీఈ_ఐఎన్ అని పెడితే, ఆ ఫైల్‌ను వర్డ్‌ప్రెస్ అసలు తెరవదు. ఎర్రర్ కూడా చూపదు.

పేరు రాసే పద్ధతి చోటును బట్టి మారుతుంది:

- ప్లగిన్ సొంత లాంగ్వేజెస్ ఫోల్డర్: మై-ఫారమ్-టీఈ.ఎంఓ
- డబ్ల్యూపీ-కంటెంట్/లాంగ్వేజెస్/ప్లగిన్స్: మై-ఫారమ్-టీఈ.ఎంఓ
- డబ్ల్యూపీ-కంటెంట్/లాంగ్వేజెస్/థీమ్స్: థీమ్ డొమైన్ (ఆ థీమ్ అనువాదాలకు పెట్టిన గుర్తింపు పేరు), హైఫన్, టీఈ.ఎంఓ
- థీమ్ సొంత లాంగ్వేజెస్ ఫోల్డర్: ఉత్త టీఈ.ఎంఓ

చివరిది మళ్లీ చదవండి. థీమ్ సొంత ఫోల్డరులో థీమ్ పేరు ముందు చేర్చకూడదు. అదే ఫైల్‌ను ఉమ్మడి లాంగ్వేజెస్ ఫోల్డరులోకి మారిస్తే మాత్రం తప్పనిసరిగా చేర్చాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు కాపీ చేసి పేరు మార్చడం మరిచిపోవడం చాలా మామూలు పొరపాటు.

మిగతా చిన్న తనిఖీలు:

- పేరంతా చిన్నబడి అక్షరాల్లో ఉందా? మీ విండోస్ కంప్యూటర్‌లో తేడా తెలియదు, లైనక్స్ సర్వర్‌లో పెద్దబడి టీ ఉంటే అది వేరే ఫైల్ కిందే లెక్క.
- డౌన్‌లోడ్ చేసినప్పుడు పేరు చివర 1 అనే అంకె చేరిందా?
- ఫైల్ అనుమతి 644, ఫోల్డర్ అనుమతి 755 ఉన్నాయా?
- చైల్డ్ థీమ్ అయితే, వాక్యం చైల్డ్‌దా, మాతృ థీమ్‌దా? రెంటికీ డొమైన్లు వేరు, ఫైళ్లూ వేరు.

ఇక్కడ క్వెరీ మానిటర్ తెరిచి లాంగ్వేజెస్ ప్యానెల్ చూడండి. ప్రతి డొమైన్ ఎదురుగా వర్డ్‌ప్రెస్ వెతికిన ఫైల్ పూర్తి దారి ఉంటుంది. ఫైల్ దొరకకపోతే ఆ మాటే రాసి ఉంటుంది. ఆ దారిని కాపీ చేసి, మీ ఫైల్ పేరు పక్కన పెట్టి పోల్చండి. తేడా ఎక్కడుందో అప్పటికప్పుడే తేలిపోతుంది.

## 5. టెక్స్ట్ డొమైన్ కుదిరిందా

ప్లగిన్ ప్రధాన ఫైల్ పైభాగంలో టెక్స్ట్ డొమైన్ అనే వరుస ఉంటుంది. అక్కడున్న పేరు, కోడ్‌లో ప్రతి వాక్యం వెంట ఉన్న డొమైన్, ఎంఓ ఫైల్ పేరులోని మొదటి భాగం, మూడూ ఒకటే కావాలి. మై-ఫారమ్ అని హైఫన్‌తో ఒకచోట, మై_ఫారమ్ అని అండర్‌స్కోర్‌తో మరోచోట ఉంటే అవి రెండు వేర్వేరు డొమైన్లే.

కోడ్‌లో డొమైన్‌ను వేరియబుల్‌గానో కాన్‌స్టంట్‌గానో రాస్తే, వాక్యాలను ఏరే పరికరం వాటిని గుర్తుపట్టదు. కోట్స్ మధ్య నేరుగా రాసిన పేరే పనికొస్తుంది.

## 6. పీఓ బాగుంది, ఎంఓ పాతది

సైట్ మామూలుగా పీఓ ఫైల్ చదవదు. పీఓ మనుషుల కోసం, దాన్ని కంపైల్ చేస్తే వచ్చే ఎంఓ యంత్రం కోసం. పీఓ ఒక్కటే దిద్ది అప్‌లోడ్ చేస్తే ఏ మార్పూ రాదు. రెండు ఫైళ్ల తేదీ, సమయం పోల్చండి. ఎంఓ పాతదైతే పోఎడిట్‌లో పీఓ తెరిచి మళ్లీ సేవ్ చేయండి.

మూడో ఫైల్ సంగతి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి .ఎల్10ఎన్.పీహెచ్‌పీ అనే ఇంకో రకం ఫైల్ వాడుకలోకి వచ్చింది. ఎంఓ పక్కనే ఈ ఫైల్ ఉంటే వర్డ్‌ప్రెస్ దాన్నే ముందు చదువుతుంది. ఎంఓ కొత్తది పెట్టి, పక్కన పాత మై-ఫారమ్-టీఈ.ఎల్10ఎన్.పీహెచ్‌పీ అలాగే వదిలేస్తే తెరమీద పాత అనువాదమే వస్తుంది. ఎన్నిసార్లు ఎంఓ మార్చినా ఫలితం ఉండదు. పరిష్కారం రెండింట్లో ఒకటి: ఆ ఫైల్‌ను తీసేయడం, లేదా డబ్ల్యూపీ ఐ18ఎన్ మేక్-పీహెచ్‌పీ ఆదేశంతో దాన్ని కూడా కొత్తగా తయారుచేయడం.

ఫజీ గుర్తు. మూలవాక్యం కొంచెం మారినప్పుడు ఎడిటర్ పాత అనువాదాన్నే ఉంచి, దానికి ఫజీ అని గుర్తు పెడుతుంది. పోఎడిట్‌లో ఇది సరిచూడాల్సిన వాక్యంగా వేరే రంగులో కనిపిస్తుంది. గెట్‌టెక్స్ట్ కంపైలర్ ఇలాంటి వాక్యాలను ఎంఓలో చేర్చదు. పీఓలో అనువాదం కళ్లెదుటే ఉంటుంది, సైట్‌లో రాదు. వాక్యం చదివి, సరిగా ఉంటే గుర్తు తీసేసి సేవ్ చేయండి. అన్నిటికీ ఒక్క దెబ్బతో గుర్తు తీసేయకండి. సేవ్ చేయి అన్న బటన్ మీద తొలగించు అని ఉన్న సైట్లు అలా పుట్టినవే.

ఒక్క అక్షరం తేడా. మూలవాక్యంలో చివరి చుక్క పోయినా, ఒక ఖాళీ ఎక్కువైనా అది కొత్త వాక్యమే. ప్లగిన్ వెర్షన్ మారినప్పుడు కొత్త పీఓటీ ఫైల్‌తో (మూలవాక్యాలు మాత్రమే ఉండే నమూనా) పీఓను అప్‌డేట్ చేయాలి. పోఎడిట్‌లో పీఓటీ నుంచి అప్‌డేట్ చేసే ఎంపిక ఉంది.

ఎంఓలో నిజంగా ఏముందో చూడాలంటే ఎంఎస్‌జీయూఎన్‌ఎఫ్‌ఎంటీ ఆదేశం దాన్ని తిరిగి చదవగలిగే రూపంలోకి మారుస్తుంది. అనుమానం ఉన్న వాక్యం అక్కడ లేకపోతే, సైట్‌ను వదిలేసి కంపైల్ దశలోనే వెతకండి.

## 7. శాతం గుర్తులు: సైట్‌ను ఆపేసే తప్పు

మిగతా తప్పులకు ఇంగ్లీషు కనిపిస్తుంది, అంతే. దీనికి పేజీయే పోతుంది. పీహెచ్‌పీ 8 నుంచి, నింపాల్సిన చోట్లు (%ఎస్, %డి లాంటివి) ఇచ్చిన విలువల కంటే ఎక్కువున్నా, శాతం గుర్తు తర్వాత తెలియని అక్షరం వచ్చినా, ఆ చోట్లలో విలువలు నింపే స్ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ ఎర్రర్ విసిరి ఆగిపోతుంది.

ఒక వాక్యం దగ్గరగా చూద్దాం. మూలంలో “డౌన్‌లోడ్ %ఎస్ ఫ్రమ్ %ఎస్” అని ఉంది. మొదటి చోట ఫైల్ పేరు, రెండో చోట సైట్ పేరు వస్తాయి. తెలుగులో క్రియ చివరికి వెళ్తుంది, వరుస తిరగబడుతుంది. “%ఎస్ నుంచి %ఎస్ డౌన్‌లోడ్ చేయండి” అని రాస్తే ఎర్రర్ రాదు గానీ, ఫైల్ నుంచి సైట్‌ను డౌన్‌లోడ్ చేయమని అర్థం వస్తుంది. సరైన రూపం ఇది:

“%2$ఎస్ నుంచి %1$ఎస్ డౌన్‌లోడ్ చేయండి”

అంకె, డాలర్ గుర్తు కలిపితే వరుస మీ ఇష్టం. మూలంలో అంకెలు లేకపోయినా అనువాదంలో వాడవచ్చు. అయితే ఒక చోట వాడితే ఆ వాక్యంలోని అన్నిటికీ వాడండి.

ఇక అసలైన శాతం. మూలంలో “%డి%% కంప్లీట్” అని ఉంటే, ఆ జంట గుర్తు తెరమీద ఒక శాతం గుర్తుగా మారుతుంది. అనువాదకులు ఒకటి ఎక్కువుందనుకుని “%డి% పూర్తయింది” అని దిద్దుతారు. అప్పుడు రెండో శాతం గుర్తు తర్వాత ఖాళీ, ఆ వెంటనే తెలుగు అక్షరం వస్తాయి. స్ప్రింట్‌ఎఫ్‌కు అది తెలియని రూపం, పేజీ ఆగిపోతుంది. తెలుగులో దీనికి హాయైన దారి ఉంది: “%డి శాతం పూర్తయింది”. గుర్తుల గొడవే ఉండదు.

విభక్తుల విషయం పీఓ ఎడిటర్లు పట్టుకోలేవు. “%ఎస్‌కు సందేశం పంపారు” అంటే రాముకు సరిపోతుంది, రవి దగ్గర రవికు అవుతుంది. విలువ వెనక నేరుగా ప్రత్యయం అతికించకుండా “%ఎస్ అనే యూజర్‌కు”, “%ఎస్ పేజీలో” అన్నట్టు మధ్యలో ఒక నామవాచకం పెట్టండి. వాక్యం కాస్త పొడవవుతుంది, అయినా అదే మేలు.

తనిఖీ జాబితా:

- మూలంలో ఎన్ని గుర్తులుంటే అనువాదంలో అన్నే ఉన్నాయా?
- ఎస్ స్థానంలో డి, డి స్థానంలో ఎస్ పడలేదు కదా?
- శాతం గుర్తుకూ అక్షరానికీ మధ్య ఖాళీ చేరలేదు కదా?
- గుర్తులోని ఎస్, డి ఇంగ్లీషు అక్షరాలుగానే ఉన్నాయా?
- లింక్ ఉన్న వాక్యాల్లో నిటారు కోట్స్ స్థానంలో వంపు కోట్స్ వచ్చాయా? వస్తే లింక్ పనిచేయదు.
- ఏకవచనం, బహువచనం రెండు గడులూ నింపారా? తెలుగుకు హెడర్‌లో ఎన్‌ప్లూరల్స్ విలువ 2, ప్లూరల్ షరతు ఎన్ ఒకటి కాకపోతే అన్నట్టు ఉండాలి.

అప్‌లోడ్‌కు ముందు ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ ఆదేశాన్ని హైఫన్-సీ ఎంపికతో నడిపితే, పీహెచ్‌పీ ఫార్మాట్ అని గుర్తున్న వాక్యాల్లో వీటిలో చాలా తప్పులు వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది. వాక్యం మొదట్లో, చివర్లో కొత్త వరుస గుర్తు ఒకవైపే ఉన్నా చెబుతుంది.

## 8. అక్షరాలు చెడిపోతే

చెడిన తీరే కారణం చెబుతుంది.

- ఖాళీ పెట్టెలు: ఫైల్ బాగానే ఉంది. థీమ్ ఫాంట్‌లోనూ, చూస్తున్న పరికరంలోనూ తెలుగు అక్షరాలు లేవు.
- ప్రశ్నార్థకాలు: ఫైల్‌ను యూనికోడ్ కాని ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశారు. అసలు అక్షరాలు అప్పుడే పోయాయి, ఎన్‌కోడింగ్ మార్చినా తిరిగి రావు. బ్యాకప్ తీయాల్సిందే.
- ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి వింత గుర్తులు: యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయి. వాటిని వేరే ఎన్‌కోడింగ్‌గా చదివితే ఇలా కనిపిస్తుంది. పీఓ హెడర్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసి మళ్లీ కంపైల్ చేయండి.

ఫైల్‌ను యూటీఎఫ్-8లో, బామ్ లేకుండా సేవ్ చేయాలి. మొదట్లో ఆ కనిపించని గుర్తు ఉంటే గెట్‌టెక్స్ట్ మొదటి వరుసలోనే ఆగిపోతుంది.

## 9. జావాస్క్రిప్ట్ వాక్యాలు

పేజీ అంతా తెలుగు, బ్లాక్ ఎడిటర్‌లో ప్లగిన్ ప్యానెల్ మాత్రం ఇంగ్లీషు. కారణం: బ్రౌజర్‌లో నడిచే కోడ్ ఎంఓ చదవదు, దానికి వేరే జేసన్ ఫైళ్లు కావాలి. ఈ ఏర్పాటు వర్డ్‌ప్రెస్ 5.0 నుంచి ఉంది.

క్రమం ఇదీ:

1. స్క్రిప్ట్‌ను రిజిస్టర్ చేశాక, అదే హ్యాండిల్‌తో (స్క్రిప్ట్‌కు పెట్టిన గుర్తింపు పేరు) డబ్ల్యూపీ సెట్ స్క్రిప్ట్ ట్రాన్స్‌లేషన్స్ ఫంక్షన్‌ను పిలవాలి. రిజిస్టర్ కాకముందే పిలిస్తే పనిచేయదు.
2. జేసన్ ఫైళ్లు ప్లగిన్ సొంత ఫోల్డరులో ఉంటే, మూడో విలువగా ఆ ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వాలి.
3. డబ్ల్యూపీ ఐ18ఎన్ మేక్-జేసన్ ఆదేశంతో పీఓ నుంచి జేసన్ తయారుచేయాలి. నో-పర్జ్ ఎంపిక మరవకండి. అది లేకపోతే ఈ ఆదేశం జావాస్క్రిప్ట్ వాక్యాలను పీఓ నుంచి తీసేస్తుంది.
4. ఫైల్ పేరు చూడాలి: డొమైన్, టీఈ, ఆ తర్వాత 32 అక్షరాల ఎండీ5 కోడ్.

చిక్కంతా ఆ ఎండీ5లోనే. అది ప్లగిన్ ఫోల్డర్ నుంచి స్క్రిప్ట్ ఉన్న దారికి లెక్కగట్టిన కోడ్. పీఓలో వాక్యం ఎదురుగా ఎస్‌ఆర్‌సీ/ఇండెక్స్.జేఎస్ అని ఉంటే జేసన్ ఆ పేరుమీద తయారవుతుంది. సైట్‌లో లోడయ్యేది బిల్డ్/ఇండెక్స్.జేఎస్. కోడ్‌లు కలవవు, ఫైల్ దొరకదు. బిల్డ్ పూర్తయ్యాక బిల్డ్ ఫోల్డర్‌ను కూడా కలిపి పీఓటీ తీయండి. తేల్చుకోవడానికి ఒక అడ్డదారి ఉంది: ఎండీ5 స్థానంలో స్క్రిప్ట్ హ్యాండిల్ పేరు పెట్టి చూడండి, వర్డ్‌ప్రెస్ ఆ పేరునూ వెతుకుతుంది. అప్పుడు తెలుగు వస్తే తప్పు ఎండీ5లోనే ఉన్నట్టు.

మిన్.జేఎస్ గురించి బెంగ అక్కర్లేదు. కోడ్ లెక్కగట్టేటప్పుడు వర్డ్‌ప్రెస్ ఆ మిన్‌ను తీసేస్తుంది.

## 10. మరీ ముందుగా అడిగితే

వర్డ్‌ప్రెస్ 6.7 నుంచి డీబగ్ లాగ్‌లో, ఫలానా డొమైన్ అనువాదం మరీ ముందుగా లోడయిందని, ఇనిట్ దశలో (వర్డ్‌ప్రెస్ లోడై సిద్ధమైన దశ) గానీ తర్వాత గానీ లోడ్ చేయమని హెచ్చరిక వస్తోంది. ప్లగిన్ ఫైల్ చదివేటప్పుడే, లేదా క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లోనే అనువాద ఫంక్షన్‌ను పిలిస్తే ఇలా జరుగుతుంది. అప్పటికి యూజర్ ఎవరో, ఏ భాష కావాలో ఖరారు కాదు. పరిష్కారం కోడ్‌లోనే: ఆ వాక్యాలున్న భాగాన్ని ఇనిట్ హుక్‌లోకి మార్చాలి. పీఓ ఫైల్‌లో ఏం చేసినా ఇది పోదు.

## 11. అప్‌డేట్ తర్వాత మాయమైతే, పాతదే వస్తుంటే

ప్లగిన్ అప్‌డేట్ దాని ఫోల్డర్‌ను మొత్తంగా తీసి కొత్తది పెడుతుంది. లోపల మీరు పెట్టిన ఫైల్ దాంతోపాటే పోతుంది. ఉమ్మడి లాంగ్వేజెస్/ప్లగిన్స్ ఫోల్డరులో పెడితే, వర్డ్‌ప్రెస్.ఆర్గ్ నుంచి వచ్చే భాషా ప్యాక్ మీ ఫైల్ మీద తన ఫైల్ రాస్తుంది. లోకో ట్రాన్స్‌లేట్ (డ్యాష్‌బోర్డులోనే అనువదించే ప్లగిన్) వాడేవారు కస్టమ్ అనే చోటు ఎంచుకోండి. అది డబ్ల్యూపీ-కంటెంట్/లాంగ్వేజెస్/లోకో కింద ఉంటుంది, ఈ రెండు ప్రమాదాలూ అక్కడికి చేరవు.

పాతదే వస్తుంటే ఈ వరుసలో ఖాళీ చేయండి:

1. పేజీ క్యాష్, ఆపైన సీడీఎన్.
2. ఆబ్జెక్ట్ క్యాష్. 6.5 నుంచి ఫోల్డరులోని అనువాద ఫైళ్ల జాబితాను వర్డ్‌ప్రెస్ ఒక గంటపాటు క్యాష్‌లో ఉంచుతుంది. రెడిస్ లాంటిది వాడుతున్న సైట్‌లో కొత్తగా పెట్టిన ఫైల్ వెంటనే కనబడకపోవడానికి ఇదే కారణం కావచ్చు. డబ్ల్యూపీ క్యాష్ ఫ్లష్ ఆదేశం చాలు.
3. ఓపీక్యాష్ (సర్వర్‌లో పీహెచ్‌పీ కోడ్‌ను దాచే క్యాష్). .ఎల్10ఎన్.పీహెచ్‌పీ ఫైళ్లు దీనిలోకి వెళ్తాయి.

## 12. వాక్యం పీఓలోనే లేకపోతే

మూడు అవకాశాలు. మొదటిది, ఆ వాక్యం డేటాబేస్‌లో ఉంది. ఈమెయిల్ నమూనా, బటన్ పేరు, ఫారం శీర్షిక లాంటివి కొన్ని ప్లగిన్లు యాక్టివేట్ అయినప్పుడే ఇంగ్లీషులో ఆప్షన్స్‌లో సేవ్ చేస్తాయి. వాటిని ప్లగిన్ సెట్టింగ్స్‌లో చేత్తో మార్చాలి. రెండోది, వాక్యం వేరే డొమైన్‌ది, అంటే ఇంకో ప్లగిన్‌దో, థీమ్‌దో, వర్డ్‌ప్రెస్‌దో. ప్లగిన్ ఫోల్డర్ మొత్తంలో ఆ వాక్యాన్ని వెతికితే తెలుస్తుంది.

మూడోది, కోడ్‌లో అది అనువాద ఫంక్షన్ లేకుండా నేరుగా రాసి ఉంది. అప్పుడు డెవలపర్‌కు రాయాల్సిందే. రాసేటప్పుడు ఇవి జతచేయండి: ప్లగిన్ వెర్షన్, వర్డ్‌ప్రెస్ వెర్షన్, కనబడుతున్న వాక్యం ఉన్నదున్నట్టు, అది ఉన్న ఫైల్ పేరు, వరుస సంఖ్య. తెలుగు రావట్లేదు అని మాత్రమే రాస్తే, భాష సెట్టింగ్ చూసుకోమని జవాబు వస్తుంది.